డిటెక్టివ్ కథ ముగింపు ముందే చెప్పేస్తే కలిసి చదవడం దేనికి?

మూడులాంతర్లు
మన పుస్తకాల గ్రూపులో పాత డిటెక్టివ్ కథలు మొదలుపెట్టినప్పుడు ఒక్కటే మాట అనుకున్నాం. వారానికో కథ, ఆదివారం రాత్రి చర్చ, అప్పటిదాకా ఎవరూ గుట్టు విప్పకూడదు. మొన్న షెర్లాక్ హోమ్స్ కథ 'రెడ్ హెడెడ్ లీగ్' చదువుతున్నాను. ఎర్రజుట్టు జాబెజ్ విల్సన్ రోజూలాగే పొద్దున్న పనికి వెళ్తాడు. తలుపు తాళం వేసి ఉంటుంది. దాని మీద మేకు కొట్టిన చిన్న అట్టముక్క, అతనికి ఆ పని ఇచ్చిన ఎర్రజుట్టువాళ్ళ లీగ్ రద్దయిపోయిందని. ఎవరు రద్దు చేశారు, ఎందుకు చేశారు అని నా బుర్ర గిర్రున తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మన గ్రూపులోనే ఒకాయన 'ఆ గుమస్తాయే దొంగ, నేలమాళిగలోంచి బ్యాంకుకి సొరంగం తవ్వుతున్నాడు, నాకు ముందే తెలిసిపోయింది' అని పెట్టారు. అది గురువారం!

ఆదివారం చర్చ అయిపోయింది కాబట్టి ఇప్పుడు విప్పి రాస్తున్నాను. ఈ కథలకి ముగింపు సగం ప్రాణం. అందుకని ప్రతి కథలో ముగింపుకి ముందు ఒకచోట అందరం ఆగుదాం. ఎవరి అనుమానం వాళ్ళు చెప్పుకున్నాకే మిగతాది చదువుదాం. ఏమంటారు?

బొబ్బిలి_వీణ
నేను ఒప్పుకోను. 1891లో అచ్చయిన కథకి ఇంకా రహస్యం ఏమిటండీ? దొంగెవరో తెలిసి చదివితేనే రచయిత పనితనం కనబడుతుంది. నేను అందుకోసమే మళ్ళీ మళ్ళీ చదువుతాను.

పలాస_కుర్రోడు
మీరు చదివేశారు అక్కా, మేం చదవలేదు కదా. నేను హోమ్స్‌ని తెర మీద చూడ్డమే గానీ పుస్తకంలో చదవడం ఇదే మొదలు. ఆ ఒక్క మొదటిసారి మాకు ఉంచండి.

రాజాం_రాధ
కుర్రోడు బాగా చెప్పాడు.

చీపురుపల్లి_మాస్టారు
మూడులాంతర్లు చెప్పిన పద్ధతే సరైనది. ఎందుకో ఈ కథతోనే చూపిస్తాను.

స్ట్రాండ్ మ్యాగజైన్‌లో హోమ్స్ చిన్నకథలు 1891 జూలైలో మొదలయ్యాయి. ఇది ఆగస్టులో వచ్చింది. అప్పటికి పత్రికల నిండా సీరియళ్ళు. ఒక సంచిక దొరకలేదంటే పాఠకుడు ఆ సీరియల్ వదిలేసేవాడు. కానన్ డాయిల్ అది గమనించి, హీరోని మార్చకుండా, ఏ నెల కథ ఆ నెలకి ముగిసేట్టు రాశాడు. కాబట్టి ఇవి ఒక్క బిగిన చదివే కథలే, కాదనను. అయినా ఆగే చోటు రచయితే పెట్టాడు.

హోమ్స్, అతని స్నేహితుడు వాట్సన్ కలిసి విల్సన్ కొట్టు దగ్గరికి వెళ్తారు. హోమ్స్ చేతికర్రతో పేవ్‌మెంట్ మీద రెండు మూడుసార్లు గట్టిగా కొడతాడు. తలుపు తట్టి గుమస్తాని దారి అడుగుతాడు. తర్వాత సందు మలుపు తిరిగి అక్కడున్న కట్టడాలన్నీ వరసగా చెప్తాడు. పొగాకు కొట్టు, పేపర్ల కొట్టు, బ్యాంకు శాఖ, శాకాహార హోటల్, బళ్ళు కట్టే డిపో. అంతే, ఇక పని అయిపోయిందని చెప్పి సరసాతే వయొలిన్ కచేరీకి వెళ్ళిపోతాడు. అక్కడ పుస్తకం మూసేయండి. సగం జీతానికి చేరిన గుమస్తా, ఫొటోల వంకతో ఎప్పుడూ నేలమాళిగలోకి దూరడం, యజమానిని రోజూ నాలుగు గంటలు ఇంట్లో లేకుండా చేసిన ఉద్యోగం, వెనకాల బ్యాంకు. అన్నీ మన చేతిలో ఉన్నాయి. ఒక పూట ఆలోచిస్తే తేలుతుంది. ఆ పూటే కదా మనం కలిసి చదవడంలో ఉన్న సుఖం!

ఆమదాలవలస_లోకో
అన్నీ చేతిలో లేవు మాస్టారూ. హోమ్స్ తలుపు తట్టింది గుమస్తా మొహం చూడ్డానికి కాదు, ప్యాంటు మోకాళ్ళు చూడ్డానికి. ఆ మోకాళ్ళు మాసి, నలిగి, అరిగిపోయి ఉన్నాయని మనకి చివర్లో చెప్తాడు. ఏం చూశావని వాట్సన్ అడిగితే 'నేను అనుకున్నదే చూశాను' అంటాడు. అది పాఠకుడికి అన్యాయం. ముక్క దాచేసి మనల్ని ఊహించమంటే ఎలా?

చీపురుపల్లి_మాస్టారు
ఆ ముక్క లేకపోయినా సొరంగం దాకా వెళ్ళొచ్చు బాబూ. కర్రతో నేల ఎందుకు కొట్టాడో ఆలోచించు.

ఆమదాలవలస_లోకో
వెళ్ళొచ్చేమో. కానీ పాఠకుడితో సరిగ్గా ఆడాలన్న పట్టింపు తర్వాత వచ్చింది. రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథకి పది నియమాలు రాశాడు. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ చూపించాలని అందులో ఉంది. ఆ లెక్కన డాయిల్ తప్పుతాడు. నాకు డాయిల్ ఇష్టం, కానీ ఈ విషయంలో అగాథా క్రిస్టీకే నా ఓటు.

రాజాం_రాధ
నాకు ఈ కథ చదువుతుంటే మా మరిది గుర్తొచ్చాడు. ఇంట్లో కూర్చుని వీడియోలకి లైకులు కొడితే డబ్బులిస్తామని మెసేజ్ వచ్చింది. మొదట్లో నిజంగానే ఖాతాలో వేశారు. ఇంట్లో అందరికీ చూపించి మురిసిపోయాడు. ఆ తర్వాత 'పెద్ద టాస్క్‌'కి ముందు నువ్వు కట్టు, రెట్టింపు వస్తుంది అన్నారు. కట్టాడు. గ్రూపు మాయం, నంబర్లు మాయం.

విల్సన్‌కి వారానికి 4 పౌన్లు. పని ఏమిటి? ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా చూసి రాయడం. పది నుంచి రెండు దాకా ఏం జరిగినా ఆ గది వదలకూడదు. ఆ షరతు దగ్గరే నాకు గుండె దడ మొదలైంది. పనికిరాని పనికి ఎవరైనా అంత డబ్బు ఇస్తున్నారంటే వాళ్ళకి కావలసింది ఆ పని కాదు. మా మరిదికి ఈ కథ ముందే చదివించి ఉంటే బాగుండేది.

పలాస_కుర్రోడు
విల్సన్ నయం అక్కా, అతనికి జీతం ముట్టింది. దొంగలకే 32 పౌన్లు వదిలాయి.

నాగావళి_గట్టు
రాధ గారూ, అలాంటిది జరిగిన వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. సైబర్ మోసాలకి అదే నంబరు. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. చాలామంది సిగ్గుతో రెండ్రోజులు దాచిపెట్టి అప్పుడు చేస్తారు.

పలాస_కుర్రోడు
కథలో ఒకటి పట్టాను. ఉద్యోగం ప్రకటన పడిన పేపరు తేదీ 1890 ఏప్రిల్ 27. వాట్సన్ దాన్ని చూసి సరిగ్గా రెండు నెలల కిందటిది అంటాడు. తలుపు మీద అట్టముక్క తేదీ 1890 అక్టోబర్ 9. విల్సన్ పనిచేసింది ఎనిమిది వారాలే. ఏప్రిల్ నుంచి అక్టోబర్‌కి ఎనిమిది వారాలా? డాయిల్ ఎక్కడో లెక్క తప్పాడు.

మూడులాంతర్లు
శభాష్ తమ్ముడూ! నెమ్మదిగా చదివితే దొరికేవి ఇవే. ముగింపు తెలిసిపోయాక ఎవరైనా తేదీలు చూస్తారా?

బొబ్బిలి_వీణ
తెలిసినవాళ్ళే చూస్తారు! ఏం జరుగుతుందో అన్న టెన్షన్ ఉన్నవాళ్ళు పేజీలు తిప్పేస్తారు. ఈ తేదీల తేడా మళ్ళీ చదివినవాళ్ళ కళ్ళకే ముందు పడి ఉంటుంది.

సీతంపేట_దారి
అంతకు ముందు వారం హోమ్స్ కథ 'స్పెకిల్డ్ బ్యాండ్' చర్చకి నాకు సిగ్నల్ అందలేదు. నా మాట ఇక్కడ రాస్తాను. చదవనివాళ్ళు ఈ పోస్టు దాటేయండి.

మా వైపు పాములు పట్టి అడవిలో వదిలే కుర్రాళ్ళతో తిరుగుతుంటాను. ఈ కథలో పాము మాత్రం నాకు ఎక్కలేదు. డాక్టర్ రాయ్‌లాట్ కలకత్తాలో వైద్యం చేసి వచ్చినవాడు. ఇండియా నుంచి తెప్పించిన 'స్వాంప్ ఆడర్' అనే పాముని పక్కగదిలోకి వెంటిలేటర్ గుండా పంపుతాడు. అది గంట తాడు పట్టుకుని మంచం మీదకి దిగుతుంది. ఈల వేస్తే వెనక్కి వస్తుంది, వచ్చినందుకు పాలు. ఆ పేరుతో మన దేశంలో పామే లేదు. పాముకి బయటికి చెవులుండవు, అది ముఖ్యంగా నేల అదురు పట్టుకుంటుంది. ఈలకి అలవాటుపడి గూటికి తిరిగొచ్చే పాముని నేను చూడలేదు. పాలు దాని తిండి కాదు. నాగుల చవితికి మా అమ్మ పుట్టలో పాలు పోస్తుంది, నేనూ పక్కనే దణ్ణం పెట్టుకుంటాను. ఆ భక్తి వేరు, పాము ఆకలి వేరు.

ఇంకొకటి. చివర్లో ఆ పామే తిరిగొచ్చి కరిచిన పది సెకన్లలో రాయ్‌లాట్ చచ్చిపోయాడంటాడు హోమ్స్. విషం అలా పనిచెయ్యదు. అసలు ఈ కథకి సరిపోయే పాము మన దగ్గరే ఉంది, కట్లపాము. రాత్రిపూట ఇళ్ళలోకి వస్తుంది, నిద్రలో ఉన్నవాళ్ళని కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లారి కడుపునొప్పి, కళ్ళు వాలిపోవడం మొదలయ్యాక గానీ ఇంట్లోవాళ్ళకి అనుమానం రాదు. డాయిల్‌కి కట్లపాము సంగతి తెలిసి ఉంటే కథ ఇంకా భయంకరంగా ఉండేది. నేల మీద పడుకునేవాళ్ళు దోమతెర కట్టి అంచులు పరుపు కిందకి దోపుకోండి, దోమలకే కాదు.

నాగావళి_గట్టు
పాముల మాట వచ్చింది కాబట్టి, రక్తపింజరని ఇంగ్లీషులో రసెల్స్ వైపర్ అంటారు కదా, ఆ ప్యాట్రిక్ రసెల్ 1780లలో విశాఖపట్నంలో ఉన్నవాడే. కోరమాండల్ తీరంలో సేకరించిన పాముల మీద ఆయన పెద్ద పుస్తకం 1796లో అచ్చయింది. అంటే డాయిల్ కథకి దాదాపు వందేళ్ళ ముందే మన పాములెన్నో బొమ్మలతో సహా లండన్ చేరాయి. డాయిల్ ఒక్కసారి ఆ పుస్తకం తెరిచి ఉండాల్సింది.

బొబ్బిలి_వీణ
పాము తప్పైతే కథ తప్పవుతుందా? ఆ గదిలో ఏమున్నాయో చూడండి. మోగని గంటకి తాడు. గాలి రాని వెంటిలేటర్, అది బయటికి కాకుండా పక్కగదిలోకి తెరుచుకుంటుంది. నేలకి బిగించేసిన మంచం, పక్కకి జరపడానికి వీల్లేదు. ఆ మూడూ మన ముందే పెట్టాడు, ఏదీ దాచలేదు. లోకో గారు అడిగిన న్యాయం ఈ కథలో ఉంది. మంచం ఎందుకు కదలకూడదు అన్న ప్రశ్న తట్టినప్పుడు నా వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. 1927లో స్ట్రాండ్ పత్రిక తరఫున తన కథల్లో మేలైనవి ఎంచమంటే డాయిల్ మొదట పెట్టింది దీన్నే. రెండోది 'రెడ్ హెడెడ్ లీగ్'.

ఇది 1892 ఫిబ్రవరిలో వచ్చింది. అదే ఏడాది మన విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడారు. ఆ రెండూ ఒకే ఏడాదివని తెలిసినప్పుడు నాకు భలే సంతోషమేసింది.

ఆమదాలవలస_లోకో
మంచం సంగతి ఒప్పుకుంటాను. అది దెబ్బ.

చీపురుపల్లి_మాస్టారు
వీణ గారు గురజాడ నాటకం మాట ఎత్తారు కాబట్టి నేనొకటి చెప్పాలి. చెస్టర్టన్ రాసిన డిటెక్టివ్ పాదిరి ఫాదర్ బ్రౌన్ మొదటి కథ 1910లో వచ్చింది. గురజాడ 'దిద్దుబాటు' కూడా 1910లోనే. 'దిద్దుబాటు'ని అందరూ సంస్కరణ కథగానే పాఠం చెప్తారు, నేనూ అలాగే చెప్పాను. కానీ ఒకసారి డిటెక్టివ్ కథ చదివే కళ్ళతో చదవండి. మొగుడు అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు. తలుపు తెరిచే ఉంది, భార్య లేదు. నౌకరు రాముడిని నిలదీస్తాడు. బల్ల మీద ఉత్తరం. అతని గుండె జారిపోతుంది. పుట్టింటికి పోయిందనుకుని రాముడిని అక్కడికి పంపబోతాడు. ఆవిడేమో అదే గదిలో మంచం కింద ఉంటుంది.

ఎడ్గార్ అలన్ పో 'పర్లాయిన్డ్ లెటర్‌'లో పోలీసులు కుర్చీల అడ్డకర్రలు కూడా మైక్రోస్కోపు పెట్టి చూస్తారు. ఉత్తరం మాత్రం అందరి కళ్ళ ముందు కార్డులు పెట్టుకునే స్టాండులో ఉంటుంది. దూరంగా వెతికేవాడికి దగ్గర ఉన్నది దొరకదన్న కిటుకు రెండు చోట్లా ఒకటే. గురజాడ పో కథని చూసి రాశాడని అనడం లేదు. మన కథానికకి మొదట్లోనే ఇంత మంచి ఉత్కంఠ ఉందని మనం చెప్పుకోవడం లేదే అని నా బాధ.

పలాస_కుర్రోడు
మాస్టారూ, రెండు కథల ముగింపులూ చెప్పేశారు!

మూడులాంతర్లు
మాస్టారిని ఏమీ అనలేం, 'దిద్దుబాటు' మనకి పాఠ్యపుస్తకంలోనే ఉండేది. పో కథకి మాత్రం ఫైను వెయ్యాలి.

నరసన్నపేట_పోస్టు
ఫాదర్ బ్రౌన్ అన్నారు కాబట్టి పోయిన నెల చదివిన 'ఇన్విజిబుల్ మ్యాన్' మీద నా అభ్యంతరం ఇప్పుడు చెప్తాను. తపాలా శాఖలో పని చేసి రిటైరైన మనిషిని.

ఒక భవనం గుమ్మం దగ్గర నలుగురు కాపలా. లోపలికి ఎవరూ వెళ్ళలేదని నలుగురూ ఒట్టేసి చెప్తారు. మంచు మీద చూస్తే అడుగుజాడలున్నాయి. వెళ్ళింది పోస్ట్‌మ్యాన్, అతన్ని ఎవరూ మనిషి కింద లెక్కపెట్టలేదట. లండన్‌లో జరుగుతుందేమో గానీ మా వైపు జరగదు. నేను సైకిలు దిగకముందే అరుగుల మీంచి 'మాస్టారూ, మాకేటైనా ఉందా?' అని కేకలు. మనియార్డర్ కోసం ఎదురుచూసే ముసలమ్మలు నా సైకిలు చప్పుడు వీధి మలుపులోనే పట్టేవాళ్ళు. ఫలానా ఇంట్లో నేను ఎంతసేపు ఆగానో ఊరంతటికీ తెలుసు. మా ఊళ్ళో ఆ హంతకుడు పది నిమిషాల్లో దొరికేవాడు.

రాజాం_రాధ
మీరు చెప్పింది చదివితే ఆ వీధి కళ్ళ ముందు కనబడింది మాస్టారూ. కానీ మన దగ్గరా కనబడని మనుషులున్నారు, వాళ్ళు వేరే. ఒక పెళ్ళిలో జరిగింది చెప్తాను. తాళి కట్టాక హడావిడిలో పెళ్ళికూతురి మేనత్త గొలుసు కనబడలేదు. వంటవాళ్ళ సంచులు వెతికారు, గిన్నెలు తోమే ఆవిడని నిలబెట్టి అడిగారు. ఆవిడ ఏడుపు చూడలేకపోయాం. వీడియో తిప్పి తిప్పి చూశారు, ఏమీ లేదు. ఆఖరికి వీడియో తీసేవాళ్ళతో వచ్చిన లైటు కుర్రాడు అన్నాడు, 'ఆ గొలుసు తెగి కిందపడితే చిన్నపాప తీసి తాంబూలం పళ్ళెంలో పెట్టిందండీ' అని. తమలపాకుల కిందే ఉంది. ముందే ఎందుకు చెప్పలేదురా అంటే 'నన్నెవరూ అడగలేదండీ' అన్నాడు. పొద్దుటినుంచీ పీటల మీద లైటు పట్టుకుని నిలబడినవాడు వాడొక్కడే, ఆ మండపంలో అన్నీ చూసినవాడూ వాడే.

నరసన్నపేట_పోస్టు
అమ్మా, ఇది చెస్టర్టన్ కథకన్నా బాగుంది. ఫాదర్ బ్రౌన్ కూడా ఇదే అంటాడు. ఇంట్లో ఎవరున్నారని మామూలుగా అడిగితే పనివాళ్ళని చెప్పరు. అదే అంటురోగం వచ్చి డాక్టరు అడిగితే పనమ్మాయి పేరూ చెప్తారు. అడిగేవాడి అవసరాన్ని బట్టి జవాబు.

బొబ్బిలి_వీణ
గిన్నెలు తోమే ఆవిడకి ఎవరైనా క్షమాపణ చెప్పారా?

రాజాం_రాధ
పెళ్ళికూతురు చెప్పింది. ఇంకెవరూ చెప్పలేదు.

నాగావళి_గట్టు
తెలుగులో చదవలేమా ఇలాంటివి? కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, టెంపోరావు నవలలు. ఒకప్పుడు అద్దె లైబ్రరీల్లో వీటికి లైన్లు. అక్కడ ఒక పాడు అలవాటు ఉండేది. ముందు చదివినవాడు మొదటి పేజీలో పెన్సిలుతో 'హంతకుడు ఫలానా' అని రాసి తిరిగిచ్చేవాడు. మూడులాంతర్లు బాధ కొత్తది కాదు! మా కొట్టు పుస్తకంలో ఒక మహానుభావుడు కావాలని తప్పు పేరు రాశాడు. ఆ పేరు నమ్మి చదివిన నేను చివరి పేజీలో ఎగిరి గంతేశాను.

పలాస_కుర్రోడు
ఆయన్ని మన గ్రూపు అడ్మిన్‌గా పెట్టాలి.

చీపురుపల్లి_మాస్టారు
అవి నవలలు, మనం అనుకున్నది చిన్నకథలు. శ్రీకాకుళంలో కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం ఉంది కదా. పాత వార, మాసపత్రికలు అక్కడ ఎన్నో ఉన్నాయి. వాటిలో పడిన అపరాధ పరిశోధన కథలు ఏరితే మనకి ఏడాదికి సరిపడా దొరుకుతాయని నా నమ్మకం. శ్రీకాకుళంలో ఉన్నవాళ్ళు ఒకపూట కూర్చుని జాబితా రాసి తెస్తే బాగుంటుంది.

నాగావళి_గట్టు
నేను వెళ్తాను. పక్కనే ఉండి వెళ్ళకపోతే ఎలా?

ఆమదాలవలస_లోకో
నాదొక సూచన. క్రిస్టీ 'ట్యూస్‌డే నైట్ క్లబ్' పెడదాం, 1927 నాటిది. కథలోనే ఒక బృందం కూర్చుంటుంది. లాయరు, పాదిరి, మాజీ పోలీసు పెద్ద, చిత్రకారిణి, రచయిత. ఒకరు కేసు చెప్తే మిగతావాళ్ళు ఒక్కొక్కరూ తమ ఊహ చెప్తారు. మూల కూర్చుని అల్లుకుంటున్న పెద్దావిడ మిస్ మార్పుల్ చివర్లో నోరు విప్పుతుంది. మనం చెయ్యబోయేదీ అదే కదా. కాకపోతే పీడీఎఫ్ పెట్టకండి. క్రిస్టీ 1976లో పోయారు, మన చట్టం ప్రకారం 2036 చివరిదాకా హక్కులుంటాయి. కొనుక్కోవాలి, లేదా లైబ్రరీలో తెచ్చుకోవాలి. డాయిల్, పో, చెస్టర్టన్‌లకి ఆ ఇబ్బంది లేదు.

మూడులాంతర్లు
అది పై నెలకి పెడదాం, అందరికీ పుస్తకం దొరకాలి. ఈ వారానికి జాక్ ఫ్యూట్రెల్ 'ప్రాబ్లమ్ ఆఫ్ సెల్ 13' అనుకున్నాం. వీణ గారూ, మీకోసమే ఇది. 1905లో బోస్టన్ పత్రికలో వచ్చినప్పుడు ముగింపు ఆపేసి, ఎలా జరిగిందో మీరే చెప్పండని పాఠకులకి బహుమతి పెట్టారు. అంటే ఆగి ఆలోచించడం నేను కనిపెట్టిన నియమం కాదు, ఆ కథ పుట్టిందే అలా. ఫ్యూట్రెల్ 1912లో టైటానిక్‌తో పాటు పోయాడు. ఇంకెన్ని రాసేవాడో.

బొబ్బిలి_వీణ
ఆ పోటీ సంగతి నాకు తెలీదు. సరే, ఈ కథకి ఆగుతాను. కానీ ఆదివారం తర్వాత మరో రోజు పెట్టండి, ముగింపు తెలిశాక మొదటినుంచీ మళ్ళీ చదివి మాట్లాడ్డానికి. అది లేకపోతే నేను రాను.

మూడులాంతర్లు
బుధవారం పెడదాం. ఆదివారం ఊహలు, బుధవారం రెండో చదువు. ఆ మధ్యలో ముగింపు ఎవరికివారు చదువుకోవాలి.

సీతంపేట_దారి
బుధవారం రాత్రి తొమ్మిది తర్వాతైతే నాకు సిగ్నల్ ఉంటుంది.

పలాస_కుర్రోడు
మొదటి రెండు పేజీలు చూశాను. ప్రొఫెసర్ వారంలో జైల్లోంచి బయటికొస్తానని పందెం కట్టి, పళ్ళపొడి, పాలిష్ చేసిన బూట్లు, కొన్ని నోట్లు మాత్రం అడుగుతాడు. పళ్ళపొడితో ఏం చేస్తాడు? ఎక్కడ ఆగాలో చెప్పండి, లేకపోతే ఈ రాత్రికే అయిపోయేలా ఉంది.

చీపురుపల్లి_మాస్టారు
వారం గడిచాక ప్రొఫెసర్ బయట కనబడతాడు. తను ఎలా వచ్చాడో భోజనాల దగ్గర చెప్పడం మొదలుపెట్టే ముందు ఆగు. పళ్ళపొడి గురించి నీ ఊహ ఆదివారందాకా నీ దగ్గరే పెట్టుకో.